లెవెల్ ఫోర్ సరే, ఎన్ని రోజులు పడుతుంది?

ఒక సిస్టమ్స్ ఇంజనీరింగ్ విభాగాన్ని (ఉపగ్రహం లాంటి పెద్ద వ్యవస్థలో భాగాలన్నీ కలిసి పనిచేసేలా చూసేవాళ్లను) మీ మెచ్యూరిటీ లెవెల్, అంటే పని పద్ధతుల పరిణతి ఏ మెట్టు మీద ఉంది అని అడిగితే జవాబు వెంటనే వస్తుంది. సర్టిఫికెట్ గోడ మీదే ఉంటుంది. అదే విభాగాన్ని ఇంకో మాట అడిగి చూడండి: "మీ దగ్గర ఒక ఇంటర్‌ఫేస్ మార్పు, అంటే రెండు భాగాలు కలిసే చోట మార్పు కోరితే, అది తేలడానికి మామూలుగా ఎన్ని రోజులు పడుతుంది? ఎంత ఆలస్యమైనా ఎన్ని రోజులు దాటదు?" చాలాచోట్ల కాసేపు మౌనం, ఆ తర్వాత "అది మార్పును బట్టి ఉంటుందండీ" అనే జవాబు. మార్పును బట్టి ఉంటుందని అందరికీ తెలుసు. ఎంత తేడా ఉంటుందన్నదే కదా అడిగింది.

లెవెల్ నంబరు చూస్తే ప్రాసెస్ ఎంత పద్ధతిగా ఉందో తెలుస్తుంది. అది రోజూ ఎలా నడుస్తోందో తెలియదు. రెండోది తెలుసుకోవాలంటే తరచూ జరిగే చిన్న పనులు రెండో మూడో ఎంచుకుని, ఒక్కోదానికి పట్టిన కాలాన్ని జరిగిన వరుసలో చార్టు మీద చుక్కలుగా పెట్టుకుంటూ పోవాలి. డాష్‌బోర్డులో మిగతాది చాలావరకు అలంకారమేనని నా వాదన.

ముందు మాటల గందరగోళం ఒకటి తీర్చుకోవాలి. "ప్రాసెస్ పెర్ఫార్మెన్స్" అన్న మాటను, పని పద్ధతుల్ని మెట్ల వారీగా అంచనా వేసే రెండు ప్రధాన మోడల్ కుటుంబాలు రెండు అర్థాల్లో వాడతాయి. స్పైస్ అని పిలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 15504లోనూ, దాని స్థానంలో వచ్చిన 33000 వరుస ప్రమాణాల్లోనూ అది లెవెల్ 1లో ఉండే ఒకే ఒక్క గుణం (అంచనా వేసే అంశం) పేరు. ఆ ప్రాసెస్ వల్ల రావాల్సిన ఫలితాలు వస్తున్నాయా లేదా అన్నంతవరకే దాని అర్థం. రెండో కుటుంబమైన సీఎంఎంఐలో (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్ ఇంటిగ్రేషన్) అదే మాటకు అర్థం వేరు: ప్రాసెస్‌ను అనుసరించగా నిజంగా వచ్చిన ఫలితాల కొలత. శ్రమ, సమయం, దోషాలను పట్టుకునే శాతం వగైరా. ఒక గదిలో ఆటోమోటివ్ స్పైస్ (మొదటి కుటుంబంలోని కార్ల రంగపు మోడల్) నేపథ్యం ఉన్నవాళ్లనూ సీఎంఎంఐ నేపథ్యం ఉన్నవాళ్లనూ కూర్చోబెడితే, "మా పెర్ఫార్మెన్స్ బాగుంది" అని ఇద్దరూ అంటారు, ఇద్దరి ఉద్దేశమూ వేరు. సగం మీటింగు అలా పోతుంది.

ఈ తేడా వెనక కొంత చరిత్ర ఉంది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలోని సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వాట్స్ హంఫ్రీ బృందం 1987లో అయిదు మెట్ల ఆలోచనను బయటపెట్టింది. 1991లో అది సీఎంఎం అయింది. సిస్టమ్స్ వాళ్లు తమకూ ఒకటి కావాలనుకుని 1990ల మధ్యలో రెండు తయారుచేసుకున్నారు: ఎస్ఈ-సీఎంఎం ఒకటి, సిస్టమ్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘం ఇన్‌కోసీ వారి ఎస్ఈసీఏఎం ఇంకొకటి. రెండూ కలిసి ఈఐఏ 731 అనే ఒకే మోడల్ అయ్యాయి. నాకు బాగా నచ్చే మోడల్ అది. ఎందుకంటే "ఈ పని చేస్తున్నారా, ప్లాన్ ఉందా, రికార్డు ఉందా" అనే ప్రశ్నలతో ఆగకుండా, "చేసిన పని ఎంత ప్రభావం చూపింది, తయారైన డాక్యుమెంటుకు విలువ ఎంత" అని కూడా విడిగా అడిగింది. 2000లో సాఫ్ట్‌వేర్, సిస్టమ్స్ మోడల్స్ అన్నీ సీఎంఎంఐలో కలిసినప్పుడు ఆ రెండు ప్రశ్నలు అదే రూపంలో రాలేదు. కొలతల భారమంతా లెవెల్ 4, 5ల మీదికి వెళ్లింది. 2018లో వచ్చిన 2.0 వెర్షన్ పెర్ఫార్మెన్స్‌ను మళ్లీ కింది మెట్ల నుంచే అడగడం మొదలుపెట్టింది. ఆలస్యంగానైనా మంచి పనే.

శాతాల ముసుగు

స్పైస్ తరహా అంచనాలో ప్రతి గుణానికీ నాలుగు గ్రేడులు: 15 శాతం వరకు "లేదు", 50 వరకు "కొంత", 85 వరకు "చాలావరకు", ఆ పైన "పూర్తిగా". ఒక లెవెల్ రావాలంటే ఆ లెవెల్ గుణాలు కనీసం "చాలావరకు" ఉండాలి, కింది లెవెల్స్‌వి "పూర్తిగా" ఉండాలి. ఇక్కడ శాతం గుర్తు చూసి చాలామంది మోసపోతారు. 86 శాతం అని ఎవరూ ఏదీ లెక్కపెట్టలేదు. ఆధారాలు చూసి, మాట్లాడి, అంచనా వేసే మనిషి ఇచ్చిన తీర్పు అది. పైగా 86 వచ్చినవాడూ 100 వచ్చినవాడూ ఒకే గ్రేడులో పడతారు. తీర్పులో తప్పులేదు, డాక్టరు నాడి చూసినట్టే. కానీ ఆ గ్రేడులకు 1, 2, 3, 4 అని అంకెలిచ్చి, పదహారు ప్రాసెస్‌ల సగటు తీసి, "మన మెచ్యూరిటీ 2.7 నుంచి 2.9కి పెరిగింది" అని స్లైడు వేస్తారు చూడండి, అక్కడ అభ్యంతరం. అవి ర్యాంకులు. ర్యాంకులకు సగటు తీస్తే వచ్చే దశాంశానికి అర్థం ఉండదు. అచ్చమైన కాకి లెక్క.

అయితే నిజమైన కొలతలే పెట్టుకుందాం అనుకున్న సంస్థ కూడా ఇంకోచోట తప్పటడుగు వేస్తుంది. సాఫ్ట్‌వేర్ విభాగం దగ్గర్నుంచి మెట్రిక్స్ జాబితా తెచ్చి పేర్లు మారుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో కోడ్ రివ్యూలు వారానికి పాతిక జరుగుతాయి, బిల్డులు రోజుకు పది. సిస్టమ్స్ ఇంజనీరింగ్‌లో మూడేళ్ల ప్రాజెక్టుకు సిస్టమ్ రిక్వైర్‌మెంట్స్ రివ్యూ ఒకటి, ప్రాథమిక డిజైన్ రివ్యూ ఒకటి, క్రిటికల్ డిజైన్ రివ్యూ ఒకటి. మూడు చుక్కలతో కంట్రోల్ చార్టు (మామూలు హెచ్చుతగ్గుల హద్దుల్ని గీతలుగా చూపే చార్టు) గీయడం జాతకం చెప్పడంతో సమానం. పెద్ద రివ్యూలంటే అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి కాబట్టి కొలత కూడా అక్కడే పెట్టాలనిపిస్తుంది. గణాంకాలకు కావాల్సింది ప్రాముఖ్యం కాదు, పునరావృతం.

మరి సిస్టమ్స్ పనిలో పదే పదే జరిగేవి ఏమున్నాయి? వెతికితే చాలానే ఉన్నాయి. ఇంటర్‌ఫేస్ కంట్రోల్ డాక్యుమెంట్లలో మార్పులు, రిక్వైర్‌మెంట్లపై వచ్చే వివరణ ప్రశ్నలు, రివ్యూ యాక్షన్ ఐటమ్స్ మూసివేత, వెరిఫికేషన్ ప్రొసీజర్ల అమలు, సబ్‌సిస్టమ్ స్పెసిఫికేషన్ల పీర్ రివ్యూలు. ఇవి నెలకు పదుల్లో జరుగుతాయి. సిస్టమ్స్ ఇంజనీరింగ్ ముందస్తు సూచికల గైడ్ 2007లో 13 సూచికలతో వచ్చింది, 2010లో రెండో వెర్షన్‌కు అవి 18 అయ్యాయి. మంచి జాబితా. పద్దెనిమిదీ ఒకేసారి మొదలుపెట్టిన చోట మాత్రం ఒక్కటీ నిలవదు, డేటా సేకరించే మనుషులే అలసిపోతారు.

ఉపగ్రహం బరువు ఎంత మిగులుతో ఉంది, విద్యుత్ బడ్జెట్ ఎక్కడుంది లాంటివి కూడా చాలా డాష్‌బోర్డుల్లో ప్రాసెస్ కొలతల కింద చేరిపోతాయి. అవి ఉత్పత్తి కొలతలు. కచ్చితంగా కావాలి, కానీ వేరే పేజీలో ఉండాలి.

ఒక్క కొలత, దగ్గర్నుంచి

ఇంటర్‌ఫేస్ మార్పు అభ్యర్థన తేలడానికి పట్టే పనిదినాలు. దీన్నే తీసుకుందాం. చూడ్డానికి సులువు. గడియారం ఎప్పుడు మొదలవుతుందో అడగ్గానే కష్టం బయటపడుతుంది. అభ్యర్థన టూల్‌లో నమోదైన రోజా, మార్పుల బోర్డు దాన్ని విచారణకు తీసుకున్న రోజా? ముగింపు ఎప్పుడు: బోర్డు ఆమోదించిన రోజా, సవరించిన డాక్యుమెంటు విడుదలైన రోజా, అవతలి టీమ్ దాన్ని అందుకున్నామని చెప్పిన రోజా? మరింత సమాచారం కోసం వెనక్కి పంపితే గడియారం ఆగుతుందా? తిరస్కరించినవి లెక్కలోకి వస్తాయా? ఈ నాలుగు ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు లేకపోతే ఇద్దరు మనుషులు అదే డేటా నుంచి రెండు సగటులు తెస్తారు. నా సలహా: నమోదైన రోజు నుంచి డాక్యుమెంటు విడుదలైన రోజు వరకు, గడియారం ఎక్కడా ఆగకూడదు, తిరస్కరించినవి వేరే చార్టులో. గడియారం ఆపే వీలు ఒకసారి ఇస్తే ఆలస్యమైనవన్నీ ఆ గదిలోకే వెళ్లి కూర్చుంటాయి.

ఇప్పుడు అంకెలు. ఉదాహరణకు వరుసగా తేలిన పన్నెండు అభ్యర్థనలు తీసుకోండి: 9, 12, 8, 14, 11, 10, 15, 9, 13, 11, 10, 10 రోజులు. మొత్తం 132, సగటు 11. ఒక్కో దానికీ దాని ముందుదానికీ ఉన్న తేడాలు: 3, 4, 6, 3, 1, 5, 6, 4, 2, 1, 0. వీటి మొత్తం 35, పదకొండుతో భాగిస్తే 3.18. దీన్ని 2.66తో గుణిస్తే సుమారు 8.5. సగటుకు కలిపితే పై గీత 19.5, తీసేస్తే కింది గీత 2.5. ఇంతే. 1924లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ మొదలుపెట్టిన పద్ధతి కుటుంబంలోదే ఈ చార్టు. 2.66 ఎక్కడిది అంటారా? 3ని 1.128తో భాగిస్తే వచ్చేది. పక్కపక్క తేడాల సగటును 1.128తో భాగిస్తే సిగ్మా (హెచ్చుతగ్గుల కొలత) వస్తుంది, గీతలు సగటుకు మూడు సిగ్మాల దూరంలో ఉంటాయి. స్ప్రెడ్‌షీట్‌లో ఉన్న మామూలు స్టాండర్డ్ డీవియేషన్ వాడకూడదు. మధ్యలో ఏదైనా గొడవ జరిగి అంకెలు ఒక్కసారిగా పెరిగి ఉంటే, ఆ గొడవ కూడా అందులో కలిసి గీతలు వెడల్పవుతాయి, గొడవ గీతల లోపలే దాక్కుంటుంది. పన్నెండు చుక్కలు తాత్కాలిక గీతలకు చాలు. ఇరవై దాటాక వాటిని నమ్మవచ్చు.

ఒప్పందంలో 15 రోజుల్లో తేల్చాలని ఉందనుకుందాం. పన్నెండింటిలో ఒక్కటీ 15 దాటలేదు, మేనేజరు సంతోషం. కానీ పై గీత 19.5. అంటే ఈ ప్రాసెస్ ఇప్పుడున్నట్టే నడిస్తే, ఏ ప్రత్యేక కారణమూ లేకుండానే ఏదో ఒక వారం 17 రావచ్చు. ప్రాసెస్ స్థిరంగా ఉంది, ఒప్పందానికి సరిపోయేలా లేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలు. 17 వచ్చిన వారం మీటింగులో ఆ ఇంజనీరును నిలబెట్టి కారణం అడిగితే అతను ఒక కారణం చెప్తాడు కూడా. ఎవరైనా చెప్తారు. దాన్ని బట్టి ఒక కొత్త ఫారం పుడుతుంది, ఆ ఫారం నింపడానికి ఇంకో అర రోజు. అదే చార్టులో 27 వస్తే సంగతి వేరు. అప్పుడు కారణం వెతకాలి, అదీ ఆ వారంలోనే. మూడు నెలల తర్వాత త్రైమాసిక నివేదికలో చూస్తే ఎవరికీ ఏమీ గుర్తుండదు.

మరి 17లు రాకుండా ఉండాలంటే? మనుషుల్ని తొందరపెడితే తగ్గదు. సమయాన్ని ముక్కలు చేసి చూడాలి: విశ్లేషణ ఎంత, ఎదురుచూపు ఎంత. మార్పుల బోర్డు పది పనిదినాలకు ఒకసారి కూర్చుంటుందనుకోండి. అభ్యర్థనలు ఏ రోజైనా సిద్ధం కావచ్చు కాబట్టి, బోర్డు కోసం ఎదురుచూపే సగటున అయిదు రోజులు. సగటు 11లో దాదాపు సగం ఎవరూ పనిచేయని కాలం. పైగా ఆ ఎదురుచూపు సున్నా నుంచి పది రోజుల దాకా మారుతుంది కాబట్టి హెచ్చుతగ్గుల్లో పెద్ద వాటా కూడా దానిదే. బోర్డును వారానికి ఒకసారి కూర్చోబెడితే సగటు ఎదురుచూపు 2.5కి దిగుతుంది, పై గీత కూడా కిందికి వస్తుంది. క్యాలెండర్‌లో ఒక్క మార్పు. ఇంజనీర్లకు టైమ్ మేనేజ్‌మెంట్ శిక్షణ ఇవ్వాలని ఎవరో ఒకరు ప్రతిపాదించి ఉంటారు, అది అక్కర్లేదు.

కలిపేస్తే కనబడదు

పై లెక్కలో ఒక రహస్య షరతు ఉంది: ఆ పన్నెండూ ఒకే రకం పని. నిజ జీవితంలో సంస్థ లోపలి రెండు టీమ్‌ల మధ్య ఇంటర్‌ఫేస్ మార్పులూ, బయటి సరఫరాదారుతో ఉన్న మార్పులూ ఒకే టూల్‌లో, ఒకే వరుసలో పడతాయి. 5, 18, 4, 17, 6, 19 అని వస్తున్నాయనుకోండి. సగటు 11.5. ఏ అభ్యర్థనకూ 11 రోజులు పట్టలేదు, పట్టదు కూడా. తేడాలు 13, 14, 13, 11, 13. సగటు తేడా 12.8. పై గీత 45 దాటిపోయింది. అంటే ఒక మార్పు నలభై రోజులు నానినా ఈ చార్టు చప్పుడు చేయదు. కింది గీత సున్నా కంటే దిగువకు పోతుంది, ఇక అక్కడా సంకేతం ఉండదు. అదే డేటాను రెండు చార్టులుగా విడదీస్తే లోపలివి 5 చుట్టూ, బయటివి 18 చుట్టూ, రెండూ చక్కగా ఉంటాయి. లోపలి మార్పుకు 12 పట్టినా వెంటనే కనబడుతుంది.

ఆరు చుక్కల్లో ఇలా ఉంటే, మొత్తం సంస్థకు ఒకే ప్రాసెస్ పెర్ఫార్మెన్స్ బేస్‌లైన్ అని పెట్టుకున్నచోట పరిస్థితి ఊహించండి. అయిదు ప్రాజెక్టులు, మూడు రకాల ఉత్పత్తులు, రెండు కాంట్రాక్టు పద్ధతులు, అన్నీ కలిపి ఒక సగటు, ఒక పరిధి. గీతలు ఎంత వెడల్పుగా ఉంటే "అంతా అదుపులో ఉంది" అని చెప్పడం అంత సులువు. చాలా హై మెచ్యూరిటీ (లెవెల్ 4, 5) బేస్‌లైన్‌ల ప్రశాంతతకు కారణం ఇదేనని నా అనుమానం. చార్టులో ఎప్పుడూ ఏ చుక్కా గీత దాటకపోతే సంతోషించే ముందు ఏమేం కలిపేశారో అడగాలి.

తేలినవాటినే కొలవడం ఇంకో ఉచ్చు. ఇంకా తేలని అభ్యర్థనలకు రోజుల లెక్క లేదు కాబట్టి అవి సగటులో లేవు. సులువైనవి చకచకా మూసేసి కష్టమైనవి పక్కన పెడితే సగటు ప్రతి నెలా మెరుగవుతుంది. ఎవరైనా బుద్ధిమంతుడు ఓ పాతదాన్ని పట్టుబట్టి మూసేస్తే ఆ నెల చార్టు పాడవుతుంది, తిట్లు అతనికే. దీన్ని పట్టుకోవడానికి చిన్న తనిఖీ ఉంది. రోజుకు సగటున ఒకటి తేలుతోంది, ఒక్కోదానికి 11 రోజులు పడుతోంది అంటే, ఏ రోజు చూసినా తెరిచి ఉన్నవి సుమారు 11 ఉండాలి. క్యూల గణితంలో లిటిల్ సూత్రం ఇదే. రిజిస్టరులో 34 ఉన్నాయంటే 23 ఎక్కడో నానుతున్నాయి. నివేదికలో తేలినవాటి సగటు పక్కనే తెరిచి ఉన్నవాటి వయసులు కూడా ఉండాలి. ఈ రెండో పట్టిక లేని నివేదికను నేనైతే చదవను.

రిక్వైర్‌మెంట్ల అస్థిరత అనే కొలత అందరూ పెడతారు. 400 రిక్వైర్‌మెంట్ల బేస్‌లైన్‌లో ఒక నెల 12 మారాయి, 6 చేరాయి, 2 పోయాయి: 20ని 400తో భాగిస్తే 5 శాతం. లెక్క సరే. మూడు షరతులున్న ఒక వాక్యాన్ని ఎవరో మూడు రిక్వైర్‌మెంట్లుగా విడగొట్టారు, అది మంచి పని, కానీ ఈ లెక్కలో అది అస్థిరతగా కనబడుతుంది. "మారింది" అంటే కామా సవరణా, ఉష్ణోగ్రత పరిధి మార్పా? అందుకే మార్పుకు కారణం కోడ్ ఒకటి తప్పనిసరిగా ఉండాలి: కస్టమరు అడిగింది, మన తప్పు సవరించింది, విడగొట్టింది, భాష దిద్దింది. చివరి రెండింటినీ లెక్క నుంచి తీసేయండి. మిగిలిన శాతానికి కూడా దశను బట్టే అర్థం. రిక్వైర్‌మెంట్స్ రివ్యూకు ముందు నెలకు 5 శాతం ఆరోగ్యం. క్రిటికల్ డిజైన్ రివ్యూ తర్వాత అదే 5 శాతం అంటే ఎక్కడో హార్డ్‌వేర్ మళ్లీ తయారవుతోంది. మరీ తక్కువగా, మొదటి నెలల్లోనే 0.2 శాతం కనబడితే స్థిరత్వం అనుకోకండి, స్పెసిఫికేషన్‌ను ఎవరూ చదవట్లేదేమో చూడండి.

ఆ కారణం కోడ్‌ను వేసేది మనుషులే కాబట్టి దాన్ని కూడా పరీక్షించాలి. ముప్పై మార్పుల్ని ఇద్దరికి విడివిడిగా ఇచ్చి లెక్కలో ఉంచాల్సిందా, తీసేయాల్సిందా అని వర్గీకరించమనండి. 24 చోట్ల ఏకీభవించారు, 80 శాతం. బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరూ నూటికి 70 తీసేయాల్సినవే అంటున్నారనుకుంటే, కళ్లు మూసుకుని వేసినా 58 శాతం కలుస్తాయి. ఆ అదృష్టాన్ని తీసేసి చూస్తే ఏకీభావం దాదాపు సగమే, 0.52. అలాంటి కోడ్ మీద వేసిన పారెటో చార్టుతో (కారణాల్ని ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన చార్టు) బడ్జెట్ నిర్ణయాలు చేయకూడదు.

దోషాలు ఏ దశలో పుట్టాయో ఆ దశలోనే పట్టుకున్న శాతం కూడా లెవెల్ 4 సంస్థల అభిమాన కొలత. రిక్వైర్‌మెంట్ దశలో పుట్టిన దోషాల్లో 40 రివ్యూలోనే దొరికాయి, 10 డిజైన్‌లో దొరికాయి, కనుక 80 శాతం అంటారు. ఆరు నెలల తర్వాత ఇంటిగ్రేషన్‌లో ఇంకో 14 బయటపడితే అదే సంఖ్య 62.5 అవుతుంది. ఈ శాతం ఎప్పుడూ కిందికే జారుతుంది. అందువల్ల ఇంకా నడుస్తున్న ప్రాజెక్టు 80ని, ముగిసిన ప్రాజెక్టు 62తో పోల్చి "మెరుగుపడ్డాం" అనడం చెల్లదు. పోల్చాలంటే రెండింటినీ ఒకే మైలురాయి దగ్గర ఆపి పోల్చాలి.

మోడల్స్ గురించి

హై మెచ్యూరిటీ అడిగే ప్రాసెస్ పెర్ఫార్మెన్స్ మోడల్ (ఫలితాన్ని ముందే అంచనా వేసే లెక్క) అంటే రిగ్రెషన్ (కారణాంశాల నుంచి ఫలితాన్ని చెప్పే సమీకరణం) అనే అపోహ బలంగా పాతుకుపోయింది. తొమ్మిది ముగిసిన ప్రాజెక్టులు, అయిదు కారణాంశాలు: రివ్యూ వేగం, రివ్యూకు కూర్చున్నవారి సంఖ్య, ఇంటర్‌ఫేస్‌ల సంఖ్య, అనుభవం, వెరిఫికేషన్ పద్ధతి ముందే నిర్ణయించిన రిక్వైర్‌మెంట్ల శాతం. స్ప్రెడ్‌షీట్ ఆర్-స్క్వేర్డ్ (ఫలితాల్లోని తేడాల్లో ఎంత భాగాన్ని సమీకరణం వివరించిందో చెప్పే అంకె) 0.7 చూపిస్తుంది, అది అప్రైజల్ (లెవెల్ నిర్ణయించే తనిఖీ) ఫోల్డరులోకి వెళ్తుంది. తొమ్మిది వరుసలకు అయిదు కాలమ్స్ పెడితే, ఏ సంబంధమూ లేని పాచికల అంకెలు పెట్టినా సగటున 0.62 వస్తుంది, అయిదును ఎనిమిదితో భాగించినంత. ఆ 0.7 దాదాపు గాలి.

మోడల్‌కు ఉండాల్సిన లక్షణాలు మూడే చాలంటాను: పని మధ్యలోనే అంచనా ఇవ్వాలి, ఒక్క అంకె కాకుండా పరిధి ఇవ్వాలి, మన చేతిలో తిప్పగలిగే మర కనీసం ఒకటి అందులో ఉండాలి. మూడూ ఉన్న మోడల్‌కు పెద్ద గణితం అక్కర్లేదు. డెలివరీకి ముందు 60 మార్పులు తేలాలి. గత ఇరవై వారాల్లో వారానికి ఎన్నెన్ని తేలాయో ఆ ఇరవై అంకెలు చీటీలుగా రాసుకోండి. ఒకటి తీసి, రాసుకుని, మళ్లీ వేసి, ఇంకోటి తీసి, మొత్తం 60 చేరేదాకా తీస్తే ఎన్ని వారాలో తెలుస్తుంది. కంప్యూటరుతో దీన్ని పదివేల సార్లు చేయించి, నూటికి 85 సార్లు ఎన్ని వారాల లోపు అయిందో చూడండి. మర ఏది? బోర్డు ఎన్ని రోజులకు ఒకసారి కూర్చుంటుందన్నది. వారానికోసారి కూర్చున్న కాలపు చీటీలు వేరే డబ్బాలో ఉంచుకుంటే, రెండు డబ్బాల నుంచి వచ్చే రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి ప్రాజెక్టు మేనేజరుకు చూపించవచ్చు. ఇలాంటి దాన్ని మోడల్‌గా ఒప్పుకోని అప్రైజర్లు ఉంటే, ఆ మూడు లక్షణాల్లో ఏది లేదో చెప్పమనండి.

ఇక ఏ కొలతకైనా ఇంక్రిమెంటు తగిలిస్తే అది కొలతగా పనికిరాకుండా పోతుంది. బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్యవిధానం గురించి అన్న మాట ఇక్కడా అంతే. తెలియనిది కాదు, అయినా అన్నిచోట్లా చేస్తారు. చేసినప్పుడు ఆనవాళ్లు మాత్రం దాగవు. తేలిన రోజుల హిస్టోగ్రామ్ గీయండి. లక్ష్యం 15 అయినచోట 13, 14, 15 దగ్గర కొండలా పేరుకుని, 16 దగ్గర ఒక్కసారిగా లోయ కనబడితే, ఆ ఆకారం ప్రాసెస్‌ది కాదు, భయానిది. పక్కనే "వెనక్కి పంపినవి" సంఖ్య పెరుగుతూ ఉంటుంది. పద్నాలుగో రోజున వెనక్కి పంపి, పదిహేనో రోజున కొత్త నంబరుతో మళ్లీ నమోదు చేసినవి అవి.

గీతల్ని మళ్లీ ఎప్పుడు లెక్కగట్టాలన్న దాని మీద కూడా ఒక మాట. నెలనెలా సరికొత్త డేటాతో గీతలు మార్చేవాళ్లున్నారు. అలా చేస్తే నెమ్మదిగా జారిపోయే ప్రాసెస్ వెంట గీతలు కూడా జారిపోతాయి, సంకేతం ఎప్పటికీ రాదు. రెండు షరతులు కలిసినప్పుడే మార్చాలి: ప్రాసెస్‌లో మనం తెలిసి ఒక మార్పు చేసి ఉండాలి, ఆ తర్వాత వరుసగా ఎనిమిది చుక్కలు పాత సగటుకు ఒకే వైపు పడి ఉండాలి. బోర్డును వారానికి ఒకసారికి మార్చారు, ఆ తర్వాతి ఎనిమిదీ 11 కంటే కింద పడ్డాయి, అప్పుడు ఆ ఎనిమిదితో తాత్కాలిక గీతలు, ఇరవై అయ్యాక ఖాయం గీతలు. మార్పు చేయకుండానే ఎనిమిది ఒక పక్కన పడితే గీతల జోలికి పోకుండా కారణం వెతకాలి. పాత గీతలు చెరిపేయకండి, కొత్తవాటికి ఎడమపక్కన అదే చార్టులో ఉంచి, మధ్యలో బోర్డు మారిన తేదీ దగ్గర నిలువుగా ఒక గీత గీసి, పక్కన ఏం మార్చారో నాలుగు ముక్కలు రాయండి.